సెంటమ్ ఎక్కడ కావాలి, కష్టం ఎక్కడ కావాలి?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో బడి వరండాలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఏటా ఒకటే. "టీచర్, మా అమ్మాయికి ఏ గ్రూపు తీసుకుంటే మార్కులు బాగా వస్తాయి?" ఇది ఎక్కువగా అడిగేది బాగా చదివే పిల్లల అమ్మానాన్నలే. అంతంతమాత్రంగా చదివే పిల్లల తల్లిదండ్రులు "గట్టెక్కుతాడా?" అని అడిగి ఊరుకుంటారు. చురుకైన పిల్ల ఉన్న ఇంట్లోనే భయం ఎక్కువ. చేతికి అందినట్టే ఉన్నది జారిపోతుందేమోనన్న భయం అది.

ఆ భయాన్ని నేను తీసిపారేయను. పట్టాభిరామ్, ఆవడి, తిరువళ్లూరు, తిరుత్తణి చుట్టుపక్కల మన తెలుగు బడులకు వచ్చే పిల్లల్లో చాలామందికి కాలేజీ సీటంటే మార్కులతో వచ్చే సీటే. డబ్బు కట్టి మేనేజ్‌మెంట్ కోటాలో తీసుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? కాబట్టి "మార్కులదేముంది, జ్ఞానం ముఖ్యం" అని వార్షికోత్సవ వేదిక మీద చెప్పే మాట మన పిల్లలకు అన్నం పెట్టదు. అలాగని ఆరో తరగతి నుంచి ప్లస్ టూ దాకా ప్రతి టెస్టులోనూ నూటికి నూరు తెమ్మని తరిమితే, తెలివైన పిల్ల ఒక విద్య మాత్రం బాగా నేర్చుకుంటుంది. తనకు రానిదాని జోలికి పోకుండా ఉండే విద్య.

నేను చెప్పదలచింది చిన్న విషయం. కాలేజీ సీటు కోసం లెక్కకొచ్చే మార్కులు చాలా కొద్ది. అవి ఎక్కడున్నాయో తల్లిదండ్రులు కచ్చితంగా తెలుసుకుంటే, మిగతా చోట్ల పిల్లను కష్టమైన పనికి ధైర్యంగా వదలొచ్చు. అక్కడ మార్కు తగ్గినా ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

లెక్కకొచ్చేవి ఏవి?

తమిళనాడులో ఇంజినీరింగ్‌కు రాష్ట్ర ప్రవేశ పరీక్ష 2007 నుంచి లేదు. అన్నా విశ్వవిద్యాలయం కాలేజీలతో సహా అన్నిటికీ ప్లస్ టూ మార్కులే ఆధారం. గణితానికి 100, భౌతికశాస్త్రానికి 50, రసాయనశాస్త్రానికి 50. మొత్తం 200కు కటాఫ్ కడతారు. ఇద్దరికి ఒకే కటాఫ్ వస్తే ముందు గణితం మార్కు చూస్తారు. ఇంతే. తొమ్మిదో తరగతి మార్కు ఇందులో రాదు. హాఫ్ ఇయర్లీ రాదు. ప్లస్ వన్ మార్కు రాదు. ఇంగ్లీషు రాదు, పార్ట్ వన్ భాష రాదు.

ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీల్లో పార్ట్ త్రీ సబ్జెక్టులు నాలుగింటికి కలిపి 400కు చూస్తారు. భాషా సాహిత్యం డిగ్రీకి మాత్రమే భాష మార్కు లెక్క. వైద్యానికి నీట్. ఎన్‌ఐటీ, ఐఐటీలకు జేఈఈ ర్యాంకు. వాటికి ప్లస్ టూలో 75 శాతం ఉంటే చాలు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 65. లేదంటే బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. అంటే అక్కడ ప్లస్ టూ మార్కు గడప లాంటిది. దాటారా లేదా అన్నదే ప్రశ్న, ఎంత ఎత్తు ఎగిరి దాటారన్నది కాదు. సిరుసేరిలోని చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ గణితం బీఎస్సీకి తన పరీక్ష తనే పెట్టుకుంటుంది.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూడండి. తొమ్మిదో తరగతి క్వార్టర్లీలో సైన్సు 96 నుంచి 88కి దిగింది. వెంటనే లైబ్రరీ బంద్, చదరంగం బంద్, సాయంత్రం ఇంకో ట్యూషన్. ఆ 88 ఏ కాలేజీ గుమాస్తా కంటా పడదు. కానీ ఆ వారం ఆగిపోయిన లైబ్రరీ మళ్లీ మొదలవ్వడం కష్టం.

భాష పేపరు మార్చేద్దామా?

ఈ పేజీ చదివేవారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. పది దాకా తెలుగు చదివిన పిల్లను ప్లస్ వన్‌లో పార్ట్ వన్‌కు ఫ్రెంచ్‌లోనో సంస్కృతంలోనో చేర్పిస్తున్నారు. కారణం అడిగితే "అందులో మార్కులు తేలిగ్గా వస్తాయట" అంటారు. ఆ మార్కులు ఇంజినీరింగ్ 200లో లేవు. ఆర్ట్స్ కాలేజీ 400లో లేవు. నీట్‌లో అసలు ప్రసక్తే లేదు. జేఈఈ 75 శాతంలో భాష మార్కు చేరుతుంది కానీ, చురుకైన పిల్లకు సొంత భాషలో అంత రావడం కష్టమా? సెంటమ్ కోసం వదిలేసిన తెలుగు ఆ సెంటమ్‌ను ఎక్కడా ఖర్చు పెట్టనివ్వదు. ఫ్రెంచ్ మీద నిజంగా ఇష్టం ఉండి చదివే పిల్ల సంగతి వేరు, ఆమెను ఆపకండి.

పైగా బాగా చదివే పిల్లకు తెలుగు పాఠమే ఒక కష్టమైన పని కావచ్చు. పద్యానికి ప్రతిపదార్థం గైడులో చూసి రాయడం ఒకటి, గైడు లేకుండా సంధి విడదీసి అర్థం పట్టుకోవడం ఇంకొకటి. రెండోది తర్కం. లెక్క చేసే బుర్రే అక్కడ కూడా పని చేస్తుంది.

ప్లస్ వన్ అనే సంవత్సరం

పాత తల్లిదండ్రులకు 1200 మార్కుల రోజులు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో చాలా ప్రైవేటు బడుల్లో ప్లస్ వన్ పుస్తకం అట్ట మాత్రమే చూసేవారు. జూన్‌లోనే ప్లస్ టూ పాఠాలు మొదలుపెట్టి, అవే పాఠాలు రెండేళ్లు రుబ్బించేవారు. మార్కులు బ్రహ్మాండంగా వచ్చేవి. ఆ పిల్లలే ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్ గణితంలో అవధి, అవకలనం దగ్గర తెల్లముఖం వేసేవారు. ఎందుకంటే అవి ప్లస్ వన్ పుస్తకంలో ఉండేవి. దీన్ని ఆపడానికే 2017-18లో ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టి, మార్కులను 600కు తగ్గించారు. రాష్ట్ర ర్యాంకులు ప్రకటించడం కూడా 2017లోనే మానేశారు. ఆ తర్వాత 2018, 2019లలో పాఠ్యపుస్తకాలు మార్చి బరువు పెంచారు.

2025 ఆగస్టులో వచ్చిన రాష్ట్ర విద్యా విధానంతో 2025-26 నుంచి ప్లస్ వన్ పబ్లిక్ పరీక్ష పోయింది. వరుసగా మూడేళ్లు పబ్లిక్ పరీక్షలు రాసే ఒత్తిడి తగ్గడం మంచిదే. కానీ పాత అలవాటు తలుపు సందులోంచి చూస్తూనే ఉంది. పరీక్ష లేదు కదా అని ప్లస్ వన్ పాఠాన్ని మళ్లీ దాటేస్తే నష్టపోయేది ముఖ్యంగా చురుకైన పిల్లలే. నీట్‌కైనా జేఈఈకైనా రెండేళ్ల పాఠమూ కావాలి. భౌతికశాస్త్రంలో గతిశాస్త్రం, ఉష్ణం, డోలనాలు అన్నీ ప్లస్ వన్‌లోనే ఉన్నాయి.

అందుకే బడి ఎంచుకునేటప్పుడు గత ఏడాది ఎన్ని సెంటమ్‌లు వచ్చాయో అడిగే ముందు, "ప్లస్ వన్ పుస్తకం ఎప్పుడు పూర్తి చేస్తారు?" అని అడగండి. సమాధానం నీళ్లు నమిలినట్టుంటే ఆలోచించుకోండి. బడిలో చేర్చాక ఆగస్టులో ఒకసారి పిల్ల నోట్సు తెరిచి చూడండి. పైన రాసిన పాఠం పేరు ప్లస్ వన్ పుస్తకంలో ఉందో ప్లస్ టూ పుస్తకంలో ఉందో చూడటానికి మీరు చదువుకుని ఉండక్కర్లేదు. పుస్తకాల అట్టలు పోల్చుకుంటే చాలు.

నా దృష్టిలో తెలివైన పిల్లకు ప్లస్ వన్ వరంలాంటి ఏడాది. పాఠం కఠినంగా ఉంటుంది, మార్కు మాత్రం సీటుకు లెక్కకు రాదు. తెలుగు మీడియంలో పది దాకా చదివి ఇంగ్లీషు మీడియం ప్లస్ వన్‌లో చేరిన పిల్లకు ఇది మరీ అవసరం. ఆమెకు త్వరణం తెలుసు, 'ఆక్సిలరేషన్' తెలియదు. మొదటి క్వార్టర్లీలో 55 వస్తే అది తెలివి తగ్గడం కాదు, మాటలు మారడం. ఆ 55 చూసి గ్రూపు మార్పించడానికి ఆఫీసు గది ముందు నిలబడకండి. రెండు భాషల్లోనూ పదాలు రాసుకునే చిన్న నోటుబుక్కు కుట్టించి ఇవ్వండి. క్రిస్మస్ సెలవుల నాటికి తేడా తెలుస్తుంది.

రామానుజన్ కథలో మనం వదిలేసే సగం

మార్కులు ఎందుకని వాదించేవారు రామానుజన్ పేరు ఎత్తుతారు. మొదటి సగమే చెప్తారు. రెండో సగం మనలాంటి ఇళ్ల కథ.

కుంభకోణంలో బడి చదువు పూర్తయ్యేసరికి రామానుజన్‌కు బహుమతులున్నాయి, 1904లో ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చింది. అప్పటికే కార్ అనే ఆయన రాసిన గణిత సూత్రాల సంకలనం ఆయన చేతిలో పడింది. ఇక మిగతా సబ్జెక్టులు పట్టలేదు. వాటిలో తప్పడంతో స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇల్లు వదిలి విశాఖపట్నం దాకా వెళ్లిపోయాడు. 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. పరీక్షలో తప్పాడు, మరుసటి ఏడాదీ తప్పాడు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1910 చివర్లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఆయన నోటు పుస్తకాలు చూసి నెలకు 25 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసేదాకా పూట గడవడమే కష్టం. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా పని దొరికింది. హార్డీకి ఉత్తరం రాసింది 1913లో.

అంటే ప్రపంచం గుర్తుంచుకున్న ఆ బుర్ర కూడా స్కాలర్‌షిప్ పోగొట్టుకుని కొన్నేళ్లు పస్తులున్నది. ఆయనకు కష్టమైన గణితం ఉంది, లెక్కకొచ్చే మార్కు లేదు. మన పిల్లల్లో చాలామందికి తిరగబడిన పరిస్థితి. లెక్కకు రాని మార్కులు కూడా దండిగా ఉన్నాయి, కష్టమైన గణితం ఒక్కటీ లేదు. నెల్లూరు కలెక్టరు అందరికీ దొరకడు కాబట్టి పిల్లకు ఇష్టం లేని సబ్జెక్టులోనూ గడప దాటేంత చదువు అవసరమే. గడప దాటాక మిగిలిన సమయం ఎక్కడికి పోతుందన్నదే నా ప్రశ్న.

అన్నట్టు మన తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారో తెలుసా? ఆ డిగ్రీ పూర్తిచేసిన దగ్గరి బంధువు ఒకరు తన పుస్తకాలు ఇచ్చారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది, పుస్తకాలు ఉచితంగా వచ్చాయి, గ్రూపు అదైంది. ఫస్ట్ గ్రూపు దొరకలేదని ఏడ్చే ఇళ్లలో ఈ సంగతి చెప్తుంటాను.

కష్టమంటే ఏది?

కష్టమంటే పై తరగతి గైడు ముందే కొని బట్టీ పట్టించడం కాదు. ఏడో తరగతి పిల్లకు పదో తరగతి లెక్కలు నేర్పించే కోచింగులు ఆవడి, అంబత్తూరు దాకా వ్యాపించాయి. అది వేగం పెంచుతుంది, ఆలోచన పెంచదు.

ఒక ఉదాహరణ చెప్తాను. 12 వర్గం 144. చివర రెండంకెలూ ఒకటే, 44. మరి 11తో ముగిసే వర్గ సంఖ్య ఉంటుందా? 55తో? 66తో? 99తో? ఎంత వెతికినా దొరకదు. ఎందుకు దొరకదు? దీనికి ఎనిమిదో తరగతి దాటిన గణితం అక్కర్లేదు, నాలుగుతో భాగిస్తే ఎంత మిగులుతుందో చూడటం వస్తే చాలు. అయినా బుక్ బ్యాక్ లెక్కలన్నీ చేసేసే పిల్ల దీని దగ్గర రెండు రోజులు కూర్చుంటుంది. కూర్చోనివ్వండి. సమాధానం చెప్పేయకండి. గురువుగా నాకు అన్నిటికన్నా కష్టమైన పని కూడా అదే, నోరు కట్టుకోవడం.

ఇలాంటి లెక్కల కోసం దూరం పోనక్కర్లేదు. 1965లో మొదలైన భారత గణిత ఉపాధ్యాయుల సంఘం చెన్నైలోనే ఉంది. అది నడిపే జాతీయ గణిత ప్రతిభా పోటీ పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని వారానికి రెండు లెక్కలు ఇస్తే చాలు. గట్టి పిల్లలు ఎనిమిది నుంచి ప్లస్ టూ దాకా గణిత ఒలింపియాడ్ తొలి మెట్టు ఐఓక్యూఎం రాయొచ్చు. అందులో సున్నా వచ్చినా ఏ మార్కుల జాబితాలోనూ పడదు. ఆ మాట పిల్లకు ముందే చెప్పండి.

పొగడ్త విషయంలో ఒక సంగతి. అమెరికాలో మ్యూలర్, డ్వెక్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, అయిదో తరగతి పిల్లలను లెక్కలు చేశాక కొందరిని "నువ్వు తెలివైనదానివి" అనీ, కొందరిని "బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తర్వాత ఏవి చేస్తారని అడిగితే, తెలివైనదానివన్నవారిలో ఎక్కువమంది తేలిక లెక్కలే కోరుకున్నారు. కష్టపడ్డావన్నవారు కొత్తవి నేర్పే లెక్కల వైపు మొగ్గారు. మన పెళ్లిళ్లలో, సీమంతాల్లో "ఇదే మా క్లాస్ ఫస్ట్ పిల్ల" అని పదిమందికి చూపించేటప్పుడు ఆ పిల్ల ముఖం చూడండి. ఆ పేరు పోకుండా కాపాడుకోవడమే దాని పనైపోతుంది.

ఎంత సమయం? నా లెక్క ప్రకారం తొమ్మిది, ప్లస్ వన్‌లలో వారానికి మూడు గంటలు. ఒక ఆదివారం పొద్దున. పదో తరగతిలో డిసెంబరుతో, ప్లస్ టూలో హాఫ్ ఇయర్లీతో ఆపేసి, ఇక పబ్లిక్ పరీక్ష పేపరు మీదే కూర్చోవాలి. ప్లస్ టూ గణితం పేపరు 90 మార్కులకైతే అందులో 20 ఒన్ మార్కు ప్రశ్నలు. వాటిని చిన్నచూపు చూసి కటాఫ్‌లో వెనకబడిన గట్టి పిల్లలు ఏటా కనిపిస్తారు. ఆ మూడు నెలలు బుక్ బ్యాక్, పాత పేపర్లు, గడియారం పెట్టుకుని రాయడం. ఇందులో నామోషీ ఏమీ లేదు.

బడి మార్చే ముందు

మన బడిలో పిల్లకు సరిపడా పోటీ లేదని మార్చాలనుకునేవారు కొన్ని సంగతులు ముందే చూసుకోవాలి. ఆరు నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ బడిలో చదివినవారికి వైద్యంలో 2020 నుంచి, ఇంజినీరింగ్‌లో 2021 నుంచి 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది. ప్రభుత్వ బడిలో బాగా చదివే పిల్లను ఎనిమిదిలో పేరున్న ప్రైవేటు బడికి మారిస్తే ఆ దారి మూసుకుపోతుంది. మన మైనారిటీ బడుల్లో చాలా ఎయిడెడ్ బడులే. ఎయిడెడ్ బడి ఈ కోటాకు ప్రభుత్వ బడి కింద లెక్క కాదు. ప్రభుత్వ తెలుగు బడిలో ఉన్నవారు మాత్రం ఆరో తరగతి నుంచే ఇది గుర్తుంచుకోవాలి.

నెల్లూరులోనో తిరుపతిలోనో ఉన్న బంధువులు "ఇంటర్‌కు ఇక్కడ హాస్టల్లో వేసేయండి" అంటారు. ఎనిమిది నుంచి ప్లస్ టూ దాకా తమిళనాడులోనే చదివితే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు నేటివిటీ సర్టిఫికెట్ అడగరు. మధ్యలో రాష్ట్రం దాటితే అది తెచ్చుకోవాలి. పిల్ల ఆంధ్రలో ఇంటర్ చదివి తిరిగి ఇక్కడ సీటు కోసం రావాలనుకుంటే ముందే ఆ కాగితం సంగతి చూసుకోండి.

ఇంకొకటి. జేఈఈ మెయిన్, నీట్ ప్రశ్నపత్రం తెలుగులో ఉంటుంది కానీ, ఎన్‌టీఏ బులెటిన్ ప్రకారం తెలుగు ఎంచుకుంటే కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉండాలి. చెన్నైలో రాసేవారికి ఇంగ్లీషు లేదా తమిళం దొరుకుతాయి. తెలుగులో చదివిన పిల్ల తెలుగులోనే రాయాలంటే తిరుపతి కేంద్రం పెట్టుకుని ముందురోజే రైలెక్కాలి. తిరుత్తణివారికి ఇది పెద్ద దూరమేమీ కాదు. దరఖాస్తు నింపే రోజున కంప్యూటర్ సెంటర్ కుర్రాడు అలవాటుగా 'చెన్నై' నొక్కేస్తాడు, పక్కనే నిలబడి చూసుకోండి.

ఎనిమిదో తరగతి టీచర్లకు ఒక మనవి. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌కు ప్రభుత్వ బడి పిల్లలతో పాటు ఎయిడెడ్ బడి పిల్లలూ అర్హులే. ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. అది ప్లస్ వన్‌లో కొనసాగాలంటే పదిలో 60 శాతం తెచ్చుకోవాలి. పరీక్షలో సగం, అంటే 90 ప్రశ్నలు, ఏ పాఠంలోనూ లేని తార్కిక ప్రశ్నలు. వాటిని నవంబరులో కాకుండా జూన్‌లోనే మొదలుపెట్టి, రోజూ ప్రార్థన తర్వాత నల్లబల్ల మూలన ఒకటి రాసి పెట్టండి. ముందు వరసలోని పిల్లలు మాత్రమే చేస్తారనుకుంటాం. వెనక బెంచీ నుంచి జవాబు వచ్చే రోజులుంటాయి, ఆ పేరు కూడా దరఖాస్తుల జాబితాలో చేర్చండి.